నచ్చినందుకు దగ్గరయ్యామా, దగ్గరున్నందుకు నచ్చారా? వ్యక్తుల మధ్య ఆకర్షణ వెనుక పనిచేసే ఏర్పాట్లు

ఒక స్నేహం ఎందుకు కుదిరిందని అడిగితే ఎవరైనా ఎదుటివారి గుణగణాలే చెబుతారు. మాట మంచిదనో, మనసు మెత్తనిదనో, ఆలోచనలు కలిశాయనో అంటారు. తరగతి గదిలో పక్కపక్కన కూర్చోబెట్టారు కాబట్టి కుదిరిందని చెప్పేవారు అరుదు. అయితే మనుషుల ఇష్టాయిష్టాల మీద గత ఏడెనిమిది దశాబ్దాలుగా సాగిన పరిశోధనను వరుసగా చదువుతూ పోతే, జనం చెప్పే కారణాలకంటే చెప్పకుండా వదిలేసే కారణాలకే ఎక్కువ బలం ఉన్నట్టు కనిపిస్తుంది. గుణాలకు విలువ లేదని దీని అర్థం కాదు. ఆ గుణాలు తెలియాలంటే ముందు ఇద్దరూ ఒకరి కంట ఒకరు పడాలి, పదేపదే పడాలి, ఎదుటివారికి తాము నచ్చామన్న నమ్మకం కొంతైనా కలగాలి. వీటిలో మొదటి రెండూ ఇంటి తలుపు ఎటువైపు తెరుచుకుంటుంది, హాజరుపట్టీలో పేరు ఎన్నో వరుసలో ఉంది, రోజూ ఏ మెట్ల మీదుగా నడవాలి వంటి ఏర్పాట్ల మీద ఆధారపడి ఉంటాయి. మూడోది చాలాసార్లు ఊహ మీద నడుస్తుంది. స్నేహాలూ ప్రేమలూ మాత్రమే కాక, ఒక సమాజంలో ఎవరు ఎవరికి తెలుసు, ఎవరికి అవకాశాలు అందుతాయి, ఎవరు బయటే మిగిలిపోతారు అన్నవి కూడా ఈ ఏర్పాట్ల నుంచే చాలావరకు రూపుదిద్దుకుంటాయి.

దీన్ని మొదట కొలిచి చూపిన అధ్యయనాల్లో ముఖ్యమైనది లియోన్ ఫెస్టింగర్, స్టాన్లీ షాక్టర్, కర్ట్ బ్యాక్ కలిసి 1950లో ప్రచురించినది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక చదువుకు తిరిగొచ్చిన మాజీ సైనికుల కుటుంబాల కోసం మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వెస్ట్‌గేట్ అనే నివాస సముదాయాన్ని నిర్మించింది. ఇల్లు ఖాళీ అయిన కొద్దీ వంతు ప్రకారం కేటాయించేవారు కాబట్టి, ఫలానావారి పక్కనే ఉంటామని కోరుకునే వీలు అక్కడ లేదు. సముదాయంలో ఒక భాగం రెండంతస్తుల భవనాలు. అంతస్తుకు ఐదేసి ఇళ్లు. పక్కపక్క ఇళ్లవారిలో 41 శాతం మంది ఒకరినొకరు సన్నిహితులుగా పేర్కొన్నారు. మధ్యలో ఒక ఇల్లు అడ్డం వచ్చేసరికి ఆ లెక్క 22 శాతానికి పడిపోయింది. ఒకే వరండాకు ఈ చివర, ఆ చివర ఉన్నవారిలో అది 10 శాతమే. ఆ రెండు చివరి తలుపుల మధ్య దూరం 89 అడుగులు. నిమిషంలో నడిచే దూరం కూడా స్నేహాన్ని నాలుగో వంతుకు తగ్గించేసిందన్నమాట.

ఈ అధ్యయనంలో అంకెలకంటే ఆలోచింపజేసేవి మెట్ల దగ్గరి ఇళ్లు. కింది అంతస్తులో మెట్లకు ఆనుకుని ఉన్న ఇళ్లవారికి పై అంతస్తులో స్నేహితులు ఎక్కువ. పైకి వెళ్లేవారూ కిందికి దిగేవారూ ఆ గుమ్మం ముందు నుంచే నడవాలి. నడిచినప్పుడల్లా ఒక పలకరింపు, ఒక చిరునవ్వు తప్పవు. దీనికి భిన్నంగా, సముదాయం మధ్యలోని ఆవరణకు కాక వీధివైపు గుమ్మం తిరిగి ఉన్న ఇళ్లవారికి స్నేహితులు మిగతావారిలో సగం కూడా లేరు. ఆ ఇళ్లలో ముభావంగా ఉండేవారు చేరారనుకోవడానికి ఆధారమేమీ లేదు. భవనం గీసిన వాస్తుశిల్పి తనకు తెలియకుండానే ఎవరు కలుపుగోలు మనిషో, ఎవరు ఒంటరో నిర్ణయించేశాడు. అడుగుల్లో కొలిచే దూరంకంటే, రోజువారీ నడక ఎవరిని ఎవరికి ఎదురుపడేలా చేస్తుందన్నది ముఖ్యమని పరిశోధకులు తేల్చింది ఇక్కడే.

సామీప్యం ఇష్టాన్నే పుట్టిస్తుందనుకుంటే అది సగం నిజమే అవుతుంది. 1976లో ఎబ్బె ఎబ్బెసన్, ఆయన సహచరులు కాలిఫోర్నియాలోని ఒక నివాస సముదాయంలో స్నేహితులతో పాటు, అసలు గిట్టనివారు ఎవరో కూడా అడిగారు. గిట్టనివారు కూడా దగ్గరి ఇళ్లవారే అయ్యారు. దూరంగా ఉన్న మనిషి రాత్రిపూట పెట్టే పాట చెవిన పడదు. బండి అడ్డంగా నిలిపినా దారికి అడ్డురాదు. పొరుగువారి చెడ్డ అలవాట్లు గోడ దాటి వస్తాయి కాబట్టి, పగకు కూడా చేరువే కావలసి వచ్చింది. కనుక సామీప్యం చేసేది ప్రేమను పంచిపెట్టడం కాదు, ఎదుటి మనిషి మీద ఏదో ఒక అభిప్రాయం ఏర్పడక తప్పని పరిస్థితిని కల్పించడం. ఆ అభిప్రాయం మంచిదా చెడ్డదా అన్నది ఆ తర్వాతి సంగతి. ఈ తేడాను మరిచిపోయి, మనుషుల్ని ఒకచోట చేరిస్తే చాలు కలిసిపోతారని నమ్మిన విధానాలు దెబ్బతినడానికి కారణం వ్యాసం చివర మళ్లీ ఎదురవుతుంది.

పేరులోని మొదటి అక్షరం కూడా స్నేహాన్ని నిర్ణయించగలదు. మేరీలాండ్ రాష్ట్ర పోలీసు శిక్షణ కేంద్రంలో గదులనూ తరగతిలో కుర్చీలనూ ఇంటిపేర్ల అక్షరక్రమంలో కేటాయించేవారు. మేడీ సెగల్ 1974లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, శిక్షణలో ఉన్నవారు సన్నిహితులుగా పేర్కొన్నది ఎక్కువగా అక్షరక్రమంలో తమ పేరుకు దగ్గరి పేరున్నవారినే. మతం, వయసు, అభిరుచులు కలవడంకంటే అక్షరక్రమమే ఎక్కువ పనిచేసింది. 2008లో జర్మన్ పరిశోధకులు మిత్యా బ్యాక్, స్టెఫాన్ ష్ముక్లె, బోరిస్ ఎగ్లాఫ్ ఇంకొక అడుగు వేశారు. కొత్తగా చేరిన విద్యార్థులను మొదటి సమావేశంలో చీటీ తీసినట్టుగా యాదృచ్ఛికంగా కుర్చీల్లో కూర్చోబెట్టి, ఏడాది తర్వాత స్నేహాలు ఎలా ఉన్నాయో చూశారు. ఆ ఒక్క రోజు పక్కనో, అదే వరుసలోనో కూర్చున్నవారి మధ్య స్నేహం మిగతావారి మధ్యకంటే గాఢంగా ఉంది.

కేవలం కంటబడటమే ఇంత ఎలా చేయగలదన్న ప్రశ్నకు రాబర్ట్ జయాన్స్ 1968లో చేసిన ప్రయోగాలు ఒక సమాధానం ఇచ్చాయి. అర్థంలేని పదాలు, చైనా లిపిని పోలిన గుర్తులు, తెలియని ముఖాల ఫొటోలు కొన్నింటిని ఒకసారి, కొన్నింటిని ఐదుసార్లు, కొన్నింటిని 25 సార్లు చూపి, ఏవి మంచివిగా అనిపిస్తున్నాయో అడిగితే, ఎక్కువసార్లు చూసినవాటికే ఎక్కువ మార్కులు పడ్డాయి. అంతకంటే విచిత్రమైన ఫలితం 1980లో విలియం కున్‌స్ట్-విల్సన్‌తో కలిసి ఆయన చేసిన ప్రయోగంలో వచ్చింది. బహుభుజి ఆకారాలను సెకనులో వెయ్యో వంతు సేపు మాత్రమే చూపారు. వాటిలో దేన్ని ముందు చూశారని అడిగితే చెప్పినవి ఊహతో చెప్పినట్టే ఉన్నాయి. దేన్ని ఇష్టపడుతున్నారని అడిగితే మాత్రం 60 శాతం సార్లు ముందు చూసినదాన్నే ఎంచుకున్నారు. గుర్తుపట్టలేనిదాన్ని కూడా మనసు ఇష్టపడగలదని దీనివల్ల తెలిసింది. అలవాటైన ఉద్దీపనను, అంటే కంటికో చెవికో తగిలేదాన్ని, మెదడు తేలిగ్గా గ్రహిస్తుందనీ, ఆ తేలికే హాయిగా అనిపించి ఆ హాయిని ఎదుటి వస్తువుకు అంటగడతామనీ ఒక వివరణ. ఎదురుపడి కీడు చేయనిదాని పట్ల జాగ్రత్త సడలిపోతుందనేది మరో వివరణ.

మనుషుల విషయంలో దీన్ని అతి సరళంగా చూపినవారు రిచర్డ్ మోర్లాండ్, స్కాట్ బీచ్. 1992లో వెలువడిన వారి అధ్యయనంలో, చూడటానికి ఒకే తీరుగా ఉండే నలుగురు యువతులను ఎంచుకుని, ఒక పెద్ద తరగతికి విద్యార్థినుల్లా వేర్వేరు సంఖ్యలో హాజరయ్యేలా చూశారు. ఒకరు అసలు రాలేదు. మిగతావారు 5, 10, 15 సార్లు వచ్చారు. తరగతి మొదలయ్యే ముందు వచ్చి, అందరికీ కనిపించేలా ముందు వరుసలో కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోవడమే వారి పని. కోర్సు ముగిశాక విద్యార్థులకు ఆ నలుగురి ఫొటోలు చూపితే, వారిని చూసిన గుర్తు పెద్దగా లేదన్నారు. అయినా ఎక్కువసార్లు వచ్చిన యువతికే ఎక్కువ ఆకర్షణీయత ఆపాదించారు. సొంత ముఖం విషయంలోనూ ఇదే జరుగుతుంది. 1977లో వచ్చిన ఒక పరిశోధనలో, తమ ఫొటోనూ దాని అద్దపు ప్రతిబింబాన్నీ పక్కపక్కన పెడితే ఎక్కువమంది తమ ప్రతిబింబాన్ని ఇష్టపడ్డారు, వారి స్నేహితులు మామూలు ఫొటోను ఇష్టపడ్డారు. ఎవరు రోజూ ఏ ముఖాన్ని చూస్తున్నారో వారికి అదే బాగుంది.

అతిపరిచయం అవజ్ఞకు దారితీస్తుందన్న పాత మాటకు ఇక్కడ చోటు ఉందా? కొంత ఉంది. మొదటి చూపులోనే అప్రియంగా తోచినదాన్ని మళ్లీ మళ్లీ చూపితే ఇష్టం పెరగకపోవచ్చు, అయిష్టం గట్టిపడవచ్చు. ఒక స్థాయి దాటాక విసుగు కూడా వస్తుంది. 2007లో మైకేల్ నార్టన్ బృందం, ఎదుటివారి గురించి ఎక్కువ లక్షణాలు తెలిసేకొద్దీ ఇష్టం తగ్గుతుందని వాదించింది. కానీ ఆ ప్రయోగాల్లో ప్రధానంగా ఉన్నది కాగితం మీది విశేషణాల జాబితా. హ్యారీ రీస్ బృందం 2011లో నిజంగా ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే జంటలను పరిశీలించినప్పుడు, మాటలు సాగేకొద్దీ ఇష్టం పెరిగింది. జాబితాగా చదివిన మనిషీ, మాట్లాడి తెలుసుకున్న మనిషీ ఒకరు కారన్నది ఈ వివాదం నుంచి తేలిన విషయం. వివరాలు చూసి మనుషుల్ని ఎంచుకునే నేటి ఆన్‌లైన్ పద్ధతులకు ఇది నేరుగా వర్తిస్తుంది.

సారూప్యం దగ్గరికి వస్తే లోకానుభవం, పరిశోధన మొదట ఒకే మాట చెప్పినట్టుంటాయి. థియోడర్ న్యూకోంబ్ 1950లలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఒక ఇంటిని తీసుకుని, ఒకరికొకరు ముక్కూమొహం తెలియని 17 మంది విద్యార్థులకు అద్దె లేకుండా ఇచ్చాడు. దానికి బదులుగా వారు తరచూ ప్రశ్నపత్రాలు నింపాలి. మరుసటి ఏడాది మరో 17 మందితో అదే చేశాడు. తొలి వారాల్లో ఎవరు ఎవరికి దగ్గరయ్యారన్నది గదుల కేటాయింపు వంటి వాటిమీద ఆధారపడింది. నెలలు గడిచేకొద్దీ, ఇంట్లో అడుగుపెట్టకముందే అభిప్రాయాలూ విలువలూ కలిసినవారు ఒక గుంపుగా తేలారు. ఆ తర్వాత డాన్ బర్న్ అసలు ఎదుటి మనిషే లేకుండా ఒక కల్పిత అపరిచితుడి సమాధానాల పత్రం మాత్రమే చూపి, అభిప్రాయాల్లో ఎంత నిష్పత్తి కలిస్తే అంతగా ఇష్టం పెరుగుతుందని, అది దాదాపు సరళరేఖలా పెరుగుతుందని చూపాడు. తనలాంటివారు కనిపిస్తే తన అభిప్రాయాలకు సాక్ష్యం దొరికినట్టుంటుంది. ఎదుటివారు ఎలా ప్రవర్తిస్తారో ఊహించడం తేలికవుతుంది. వారికి తానూ నచ్చుతానన్న ధైర్యం కలుగుతుంది.

చిక్కంతా ఆ తర్వాత వచ్చింది. మాథ్యూ మోంటోయా, ఆయన సహచరులు 2008లో 313 అధ్యయనాలను కలిపి విశ్లేషించినప్పుడు, ప్రయోగశాలలో, ముఖ్యంగా ఎదుటివారితో మాట్లాడే అవకాశం లేనప్పుడు, వాస్తవ సారూప్యం బలంగా పనిచేస్తున్నట్టు తేలింది. కానీ ఇప్పటికే నడుస్తున్న బంధాల్లో దాని ప్రభావం దాదాపు కరిగిపోయింది. అక్కడ నిలిచినది మరొకటి: ఎదుటివారు తమలాంటివారేనన్న భావన. అంటే ఏళ్ల తరబడి కలిసి ఉన్నవారు నిజంగా ఒకేలా ఉన్నారా అన్నదానికంటే, ఒకేలా ఉన్నామని నమ్ముతున్నారా అన్నదే ఇష్టానికి ఎక్కువ తోడ్పడుతోంది. ఈ నమ్మకం ఇష్టానికి కారణమా, ఫలితమా అని అడిగితే రెండూ అని చెప్పక తప్పదు. ఇష్టపడినవారిలో తమ పోలికలు వెతుక్కోవడం మనుషులకు బాగా అలవాటు. భిన్న ధ్రువాలు ఆకర్షించుకుంటాయన్న ప్రచారం సంగతి ఇక్కడే తేల్చేయవచ్చు: అవసరాలు పరస్పరం పూరించుకునే జంటలే కుదురుతాయని రాబర్ట్ వించ్ 1950లలో ప్రతిపాదించాడు గానీ, ఆ తర్వాత దానికి నిలకడైన ఆధారం దొరకలేదు.

సారూప్యం మీద వచ్చిన పరిశోధనల్లో సమాజానికి అన్నిటికంటే సంబంధించినది ఏంజెలా బాన్స్, కేట్ పికెట్, క్రిస్టియన్ క్రాండల్ 2012లో ప్రచురించినది. 25 వేలకు పైగా విద్యార్థులున్న కాన్సాస్ విశ్వవిద్యాలయంలోనూ, అదే రాష్ట్రంలోని చిన్న కళాశాలల్లోనూ జంటలుగా తిరుగుతున్న స్నేహితులను పలకరించి, ఇద్దరి అభిప్రాయాలనూ అలవాట్లనూ విడివిడిగా అడిగారు. పెద్ద ప్రాంగణంలో రకరకాల మనుషులు ఉంటారు కాబట్టి స్నేహాల్లోనూ వైవిధ్యం ఎక్కువ ఉంటుందని అనుకుంటాం. ఫలితం తలకిందులైంది. పెద్ద ప్రాంగణంలోని స్నేహితులే ఒకరినొకరు ఎక్కువగా పోలి ఉన్నారు. ఎంచుకోవడానికి వేలమంది ఉన్నప్పుడు అచ్చంగా తనలాంటివారు దొరికేదాకా వెతకవచ్చు. వందల మందే ఉన్నచోట ఉన్నవారితోనే సర్దుకుని స్నేహం చేయాలి. స్వేచ్ఛ పెరిగేకొద్దీ వలయం ఇరుకవుతుందన్న ఈ ఫలితం, ఆకర్షణను కేవలం వ్యక్తిగత వ్యవహారంగా చూసేవారికి మింగుడుపడనిది. కలిసే అవకాశాల సంఖ్య ఇష్టాల రూపాన్నే మార్చేస్తోంది.

పరస్పరత, అంటే తమను ఇష్టపడేవారిని తాము ఇష్టపడటం, చెప్పుకోవడానికి మామూలు విషయంలా ఉంటుంది గానీ ఆకర్షణకు సంబంధించిన అంశాల్లో అంత శక్తిమంతమైనది మరొకటి ఉందా అన్నది సందేహమే. రెబెకా కర్టిస్, కిమ్ మిల్లర్ 1986లో చేసిన ప్రయోగాన్ని కాస్త దగ్గరగా చూడాలి. ముందు ఇద్దరు అపరిచితుల మధ్య చిన్న పరిచయం జరుగుతుంది. తర్వాత వారిలో ఒకరికి, ఎదుటి మనిషికి మీరు నచ్చారని చెబుతారు. మరికొన్ని జంటల్లో నచ్చలేదని చెబుతారు. రెండూ కట్టుకథలే, ఎదుటి మనిషికి ఈ సంగతే తెలియదు. ఆ పైన ఇద్దరినీ మళ్లీ మాట్లాడుకోమంటారు. నచ్చామని నమ్మినవారు తమ గురించి ఎక్కువ చెప్పుకున్నారు, విభేదించడం తగ్గించారు, గొంతులో ఆప్యాయత చూపారు. నచ్చలేదని నమ్మినవారు బిగుసుకుపోయారు. సంభాషణ ముగిశాక ఎదుటివారిని అడిగితే, మొదటి రకంవారు వారికి నిజంగానే నచ్చారు, రెండో రకంవారు నిజంగానే నచ్చలేదు. అబద్ధంగా మొదలైనది పది నిమిషాల్లో నిజమై కూర్చుంది. తిరస్కారం ఎదురవుతుందని ముందే భయపడేవారు ముభావంగా ఉండి, ఆ ముభావంవల్లే తిరస్కారం పొందే విషవలయం ఇలాగే నడుస్తుంది; అలాంటివారికి అనుభవం ప్రతిసారీ తమ భయమే సరైనదని చెబుతుంది.

ఈ భయం చాలావరకు నిరాధారమని ఎరికా బూత్‌బీ, ఆమె సహచరులు 2018లో చూపారు. కొత్తవారితో కాసేపు మాట్లాడినవారిని, ఎదుటివారు మీకు ఎంత నచ్చారు, మీరు వారికి ఎంత నచ్చి ఉంటారు అని అడిగితే, ఎక్కువమంది తాము నచ్చిన స్థాయిని తక్కువగా అంచనా వేశారు. ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తారు కాబట్టి ఇద్దరూ వెనక్కి తగ్గుతారు. ఒకే వసతిలో కలిసి ఉండే విద్యార్థుల మధ్య ఈ అంతరం నెలల తరబడి కొనసాగింది. సంభాషణ సాగేటప్పుడు ఎవరి దృష్టి వారి తడబాట్ల మీదే ఉండటం, ఎదుటివారు చూపుతున్న ఆసక్తి సంకేతాలను గమనించకపోవడం దీనికి మూలం. ఇష్టం ఏ వేగంతో, ఏ క్రమంలో వ్యక్తమైందన్నదానికీ విలువ ఉంది. ఎలియట్ ఆరన్‌సన్, డార్విన్ లిండర్ 1965లో జరిపిన ప్రయోగంలో, మొదటినుంచీ పొగిడినవారికంటే, ముందు తక్కువ చేసి మాట్లాడి క్రమంగా మంచిగా మాట్లాడినవారే ఎక్కువ నచ్చారు. మొదటినుంచీ మెచ్చుకునేవారి మెప్పు వారి స్వభావంలా, మారి మెచ్చుకున్నవారి మెప్పు తాము సంపాదించుకున్నదానిలా అనిపించడమే కారణం కావచ్చు.

అందం మాటేమిటి? ఎలేన్ వాల్‌స్టర్, ఆరన్‌సన్, మరో ఇద్దరు 1966లో ప్రచురించిన నృత్యోత్సవ ప్రయోగం ఈ ప్రశ్నకు కఠినమైన జవాబే ఇచ్చింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన 752 మందికి, కంప్యూటర్ తగిన జోడీని కలుపుతుందని చెప్పి, నిజానికి యాదృచ్ఛికంగా జతచేశారు. విరామ సమయంలో అడిగితే, జోడీ ఎంత నచ్చారన్నదాన్ని తెలివితేటలు గానీ, వ్యక్తిత్వ పరీక్షల ఫలితాలు గానీ చెప్పలేకపోయాయి. ముఖసౌందర్యం ఒక్కటే చెప్పగలిగింది. కాకపోతే అది కొన్ని గంటల పరిచయం. 2015లో లూసీ హంట్, పాల్ ఈస్ట్‌విక్, ఎలై ఫింకెల్ జంటలను పరిశీలించినప్పుడు, పరిచయమైన కొద్దికాలానికే ప్రేమలో పడినవారి రూపాలు సమఉజ్జీలుగా ఉన్నాయి. చాలాకాలం తెలిసి ఉండి, స్నేహితులుగా తిరిగి, ఆ తర్వాత జంటైనవారి మధ్య ఆ పోలిక బాగా తగ్గింది. తొలి గంటల్లో అందరూ ఒకే కొలబద్దతో చూస్తారు, అందుకే పోటీ తీవ్రం. కాలం గడిచేకొద్దీ ఒకే మనిషి గురించి పదిమందికి పది రకాల అభిప్రాయాలు ఏర్పడతాయి.

అందానికి ఉన్న అసలు ప్రమాదం మరోచోట ఉంది. అందమైనవారు మంచివారనీ, సుఖంగా జీవిస్తారనీ ఫొటో చూసే ఊహిస్తారని కారెన్ డయాన్, ఎలెన్ బెర్షీడ్, వాల్‌స్టర్ 1972లో చూపారు. ఆ ఊహ తనను తాను ఎలా నిజం చేసుకుంటుందో 1977లో మార్క్ స్నైడర్ బృందం చూపింది. పురుషులకు ఒక యువతి ఫొటో ఇచ్చి, ఆమెతోనే టెలిఫోన్‌లో మాట్లాడుతున్నారని నమ్మించారు. ఫొటో మాత్రం అవతల ఉన్న యువతిది కాదు. అందమైన ఫొటో చూసినవారు హుషారుగా, ఆత్మీయంగా మాట్లాడారు. అసలు విశేషమేమిటంటే, అవతలి యువతి మాటలను మాత్రమే విడిగా, ఏ సంగతీ తెలియనివారికి వినిపించినప్పుడు, అందగత్తె అనుకుని మాట్లాడించబడిన యువతులే ఎక్కువ స్నేహశీలంగా, కలుపుగోలుగా ఉన్నట్టు వారికి తోచింది. తమ గురించి ఎదుటివారు ఏమనుకుంటున్నారో తెలియకుండానే ఆ అంచనాకు తగ్గట్టు వారు మారారు. జీవితమంతా ఇలాంటి పలకరింపులే పొందినవారికీ, ఎన్నడూ పొందనివారికీ మధ్య స్వభావంలో తేడా వస్తే, దాన్ని పుట్టుకతో వచ్చినదని అనడం తొందరపాటు.

ఆకర్షణ గురించి రాసేవారెవరూ వదలని వంతెన ప్రయోగానికి ఇక్కడ ఎక్కువ చోటు అక్కర్లేదు. డొనాల్డ్ డటన్, ఆర్థర్ ఆరన్ 1974లో వాంకూవర్ వద్ద ఊగే కపిలానో వంతెన మీదా, గట్టి వంతెన మీదా ఒక యువతిని నిలబెట్టి పురుషులను ప్రశ్నించారు. తర్వాత ఆమెకు ఫోన్ చేసినవారు మొదటిచోట 18 మందిలో 9 మంది, రెండోచోట 16 మందిలో ఇద్దరు. భయంవల్ల కలిగిన గుండెదడను ఆకర్షణగా పొరబడ్డారని వారి వ్యాఖ్యానం. ఊగే వంతెన ఎక్కే తెగువ ఉన్నవారికి ఫోన్ చేసే తెగువ కూడా ఉండవచ్చునన్న అభ్యంతరం అప్పటినుంచీ ఉంది. ఉద్వేగస్థితి ఆకర్షణను పెంచుతుందనడానికి వేరే ఆధారాలు ఉన్నాయి గానీ, ఇంత చిన్న సంఖ్యలకు వచ్చినంత పేరు వాటికి రాలేదు.

అదే ఆర్థర్ ఆరన్ తర్వాతి కాలంలో చేసిన పని దీనికంటే ఉపయోగకరమైనది. 1997లో ప్రచురించిన పద్ధతిలో ఇద్దరు అపరిచితులు 45 నిమిషాలపాటు క్రమంగా లోతుకు వెళ్లే 36 ప్రశ్నలకు వంతులవారీగా జవాబులు చెప్పుకుంటారు. పైపై కబుర్లు చెప్పుకున్న జంటలకంటే వీరిలో సాన్నిహిత్య భావన స్పష్టంగా ఎక్కువగా ఏర్పడింది. ఇందులో కీలకం వంతులు. ఒకరు ఏకబిగిన మనసు విప్పి, ఇంకొకరు వింటూ కూర్చోవడంకంటే, ఒకరి తర్వాత ఒకరు చెప్పుకున్నప్పుడు ఇష్టం ఎక్కువగా పెరుగుతుందని సూసన్ స్ప్రెచర్ బృందం 2013లో చూపింది. తగిన సమయానికంటే ముందే చెప్పే రహస్యం ఎదుటివారిని ఇబ్బందిలో పడేస్తుంది. తిరిగి ఏమీ చెప్పకపోతే చెప్పినవారు చిన్నబోతారు. అలాగని 45 నిమిషాల్లో స్నేహం పూర్తిగా తయారవదు. కాన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ అంచనా ప్రకారం, ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి దాదాపు 50 గంటలు, స్నేహం అనదగ్గ స్థాయికి 90 గంటలు, సన్నిహిత స్నేహానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలి. పైగా ఉద్యోగంలో తప్పనిసరై కలిసి గడిపే గంటలకంటే, తీరిక వేళ ఇష్టపూర్వకంగా గడిపే గంటలే ఎక్కువ లెక్కకు వస్తాయి. రోజంతా ఒకే కార్యాలయంలో ఉండి కూడా ఏళ్ల తరబడి పరిచయస్థులుగానే మిగిలిపోయేవారు ఎందుకు అంతమంది ఉంటారో దీనివల్ల కొంత అర్థమవుతుంది.

వ్యక్తుల స్థాయిలో నిర్దోషంగా కనిపించే ఈ ప్రక్రియలన్నీ కలిసి సమాజం స్థాయిలో వేరే రూపం దాలుస్తాయి. తమలాంటివారితో తిరగడం, తిరిగేవారిని ఇష్టపడటం, ఇష్టపడినవారి ద్వారా వారిలాంటి ఇంకొందరిని కలవడం అన్న వరుసలో ఎవరికీ ఎవరినీ దూరం పెట్టాలన్న ఉద్దేశం ఉండనక్కరలేదు. అయినా ఫలితంగా ఒక్కో వలయంలో ఒకే చదువు, ఒకే ఆదాయం, ఒకే నేపథ్యం పేరుకుంటాయి. మార్క్ గ్రానోవెటర్ 1970లలో మసాచుసెట్స్‌లో ఉద్యోగాలు మారిన వారిని పరిశీలించినప్పుడు, తెలిసినవారి ద్వారా ఉద్యోగం పొందినవారిలో 55.6 శాతం మందికి ఆ కబురు అందించినది అప్పుడప్పుడు మాత్రమే కలిసే మనిషి. తరచూ కలిసేవారి ద్వారా పొందినవారు 16.7 శాతమే. సన్నిహితులు మేలు కోరతారు, కానీ వారికి తెలిసినవన్నీ తమకూ తెలిసినవే. వలయం దాటిన సమాచారం దూరపు పరిచయాల ద్వారానే రావాలి. ఆ దూరపు పరిచయాలే లేనివారి కష్టం వారి సామర్థ్యంతో సంబంధం లేనిది. మరోవైపు లారెన్ రివేరా 2012లో అమెరికాలోని పెద్ద కన్సల్టింగ్, న్యాయ, బ్యాంకింగ్ సంస్థల నియామకాలను అధ్యయనం చేసి, ఇంటర్వ్యూ చేసేవారు అభ్యర్థుల్లో నైపుణ్యంతో పాటు తమలాంటి అభిరుచులను, కాలక్షేపాలను, మాటతీరును వెతుకుతున్నట్టు చూపింది. నచ్చడం అన్నది అక్కడ ఉద్యోగార్హతగా మారిపోయింది.

అయితే దీన్ని తిప్పికొట్టడానికి పనికొచ్చేది కూడా ఆకర్షణ శాస్త్రమే. భిన్న వర్గాలవారు కలిస్తే పూర్వాభిప్రాయాలు తగ్గుతాయనీ, కాకపోతే ఆ కలయికలో సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, సహకారం, పైవారి మద్దతు ఉండాలనీ గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో ప్రతిపాదించాడు. థామస్ పెటిగ్రూ, లిండా ట్రాప్ 2006లో 515 అధ్యయనాలను కలిపి చూసి, ఆ షరతులు పూర్తిగా లేనిచోట కూడా కలయిక కొంత మేలు చేస్తుందనీ, ఉన్నచోట మరింత మేలు చేస్తుందనీ తేల్చారు. షరతులు ఎందుకు కావాలో కాలిఫోర్నియాలోని పొరుగిళ్ల తగవులే చెబుతాయి. చేరువ ఉండి సహకారం లేకపోతే, ఎదుటివారి నుంచి కనిపించేది చిరాకు పెట్టే భాగమే.

1971లో టెక్సాస్‌లోని ఆస్టిన్ నగరంలో నల్లజాతి, మెక్సికన్ మూలాల, తెల్లజాతి పిల్లలను మొదటిసారి ఒకే బడుల్లో చేర్చినప్పుడు జరిగింది అదే. ఒకే గదిలో కూర్చున్నారు, కొట్టుకున్నారు. ఉపాధ్యాయుడు ప్రశ్న అడగడం, చెయ్యెత్తినవారిలో ఒకరికి అవకాశం రావడం, ఒకరు తప్పు చెబితే మరొకరు సంతోషించడం అన్న తరగతి పద్ధతే పిల్లలను పోటీదారులుగా మారుస్తోందని ఎలియట్ ఆరన్‌సన్ గమనించాడు. దాన్ని మార్చి, ఐదారుగురు పిల్లలను కలగలిపి ఒక బృందం చేసి, పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చాడు. ఇంగ్లీషు ఇంట్లో మాట్లాడని పిల్లవాడు తన భాగం చెప్పడానికి తడబడితే మొదట మిగతావారు వెక్కిరించారు. పరీక్షలో ఆ భాగం నుంచీ ప్రశ్నలు వస్తాయనీ, అది చెప్పగలవాడు అతనొక్కడేననీ గుర్తుకొచ్చాక, వెక్కిరింపు మాని అతని చేత చెప్పించే ప్రశ్నలు వేయడం నేర్చుకున్నారు. ప్రశ్నలు వేసేకొద్దీ అతనికి జంకు తగ్గింది, జంకు తగ్గేకొద్దీ అతను వారికి తెలివైనవాడిగా కనిపించసాగాడు. కొన్ని వారాలకే, మామూలు పద్ధతి సాగిన తరగతులతో పోలిస్తే ఈ తరగతుల్లో పిల్లలు జాతి భేదం లేకుండా ఒకరినొకరు ఎక్కువ ఇష్టపడ్డారు, బడి మానడం తగ్గింది, వెనకబడిన వర్గాల పిల్లల మార్కులు పెరిగాయి, మిగతావారి మార్కులు తగ్గలేదు.